పాత పికప్ ట్రక్కులో ఇంజిన్, గేర్‌బాక్సు మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో 1947 నుంచి 1987 వరకు తయారైన షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్ పికప్ ట్రక్కుల్లో ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ మార్చాలనుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా షెవర్లే వారి తేలికపాటి (అర టన్ను) పికప్ సీ10 నుంచి తీసుకున్నాను. ఏ ఇంజిన్ పెట్టాలన్న దాని మీద గంటల తరబడి వాదనలు జరుగుతాయి గాని, బండి షెడ్డులో సగం పనితో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇంజిన్ కాదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ, గేర్‌బాక్సుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఉండే అతుకులు. అందువల్ల ఆ అతుకులకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

ఉన్న ఇంజిన్‌ను బాగు చేయించుకుంటే సరిపోదా?

చాలా బళ్లకు సరిపోతుంది. ఫ్యాక్టరీలో బిగించిన అసలు ఇంజిన్ ఇంకా బండిలోనే ఉంటే, బండి తక్కువ దూరాలకే తిరుగుతుంటే, దాన్ని విప్పి రింగులు, బేరింగులు, వాల్వులు సరిచేయించడమే మంచిదని నా అభిప్రాయం. మార్చాలన్న కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా తేల్చుకోవాలి. హైవే మీద ఇంజిన్ గొంతు చించుకున్నట్టు మోగుతోందన్నదే ఫిర్యాదైతే, తప్పు ఇంజిన్‌ది కాదు, ఓవర్‌డ్రైవ్ (బండి వేగం తగ్గకుండా ఇంజిన్ చుట్లు తగ్గించే పై గేరు) లేని మూడు గేర్ల గేర్‌బాక్సుది. ఉన్న ఇంజిన్ వెనుకే ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు పెడితే ఖర్చూ శ్రమా సగానికి పైగా తగ్గుతాయి.

అశ్వశక్తి అంకెలను పోల్చేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1971 వరకు అమెరికన్ కంపెనీలు ప్రకటించినది గ్రాస్ అశ్వశక్తి. అంటే ఇంజిన్‌ను పరీక్ష బల్ల మీద పెట్టి, ఫ్యాను, ఆల్టర్నేటరు, సైలెన్సరు వంటివి లేకుండా కొలిచినది. 1972 నుంచి ఇచ్చినది, బండిలో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచిన నెట్ అశ్వశక్తి. కాబట్టి 1960ల నాటి ప్రకటనలో కనిపించే అంకెను ఇప్పటి ఇంజిన్ అంకె పక్కన నేరుగా పెట్టి చూడకూడదు. 1999 నుంచి షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) నెట్ లెక్కలోనే 270 నుంచి 295 అశ్వశక్తి దాకా ఇస్తుంది; పాత లెక్కలో చూస్తే అది ఇంకా చాలా ఎక్కువవుతుంది.

ఏ ఇంజిన్ ఎంచుకోవాలి?

షెవర్లే బండికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలై, 1967లో 350 ఘనపు అంగుళాల రూపం కూడా పొందిన పాత స్మాల్ బ్లాక్ వీ8. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్‌తో నడిచే ఈ ఇంజిన్‌కు కంప్యూటర్ అక్కర్లేదు, వైర్లు నాలుగైదుకు మించవు, సీ10 ఛాసిస్‌లో దీనికి ఫ్యాక్టరీ మౌంట్లే దొరుకుతాయి. 1963 తర్వాతి 230, 250, 292 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్లకూ ఈ వీ8కూ బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ముందు ఇంజిన్‌కు బిగిసే గిన్నె లాంటి భాగం) బోల్టుల అమరిక ఒకటే కాబట్టి, ఆరు సిలిండర్ల బండిలో వీ8 పెట్టేవారు ఉన్న గేర్‌బాక్సును అలాగే ఉంచుకోవచ్చు. అంతకుముందరి 235 ఇంజిన్‌కు మాత్రం ఆ అమరిక వేరు.

రెండోది జనరల్ మోటార్స్ తర్వాతి తరం వీ8లైన ఎల్ఎస్ కుటుంబం. 1997 మోడల్ కార్వెట్‌లో అల్యూమినియం బ్లాకుతో ఎల్ఎస్1గా వచ్చిన ఈ రూపకల్పన, 1999 నుంచి ట్రక్కుల్లో 4.8, 5.3, 6.0 లీటర్ల పరిమాణాల్లో, ఎక్కువగా ఇనుప బ్లాకుతో వచ్చింది. చల్లని ఉదయం ఒక్క తిప్పుకే స్టార్టవడం, పెట్రోల్ తక్కువ తాగడం, పాత బండ్ల స్క్రాప్ యార్డుల్లో తేలిగ్గా దొరకడం దీని బలాలు. బదులుగా ఇది హై ప్రెషర్ పెట్రోల్ పంపు, కంప్యూటర్, వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) కోరుతుంది. రోజూ నడిపే బండికైతే 5.3నే సూచిస్తాను. వేగం కోసం కాదు; యజమాని దాన్ని మరచిపోయి నడపగలడన్న నమ్మకంతో.

ఫోర్డ్ పికప్ ఎఫ్-100లో పాత 302 ఘనపు అంగుళాల ఇంజిన్ తేలిగ్గా కూర్చుంటుంది. 2011 మోడల్ మస్టాంగ్‌తో వచ్చిన 5.0 లీటర్ల కొయోట్ ఇంజిన్‌కు నాలుగు క్యామ్ షాఫ్టులు (వాల్వులు తెరిచే కడ్డీలు) తల మీదే ఉండటం వల్ల వెడల్పు చాలా ఎక్కువ. స్టీరింగ్ బాక్సు, ముందు సస్పెన్షన్ మార్చకుండా అది పట్టడం కష్టం. 1989లో డాడ్జ్ ట్రక్కుల్లోకి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ దాదాపు 1,100 పౌండ్లు తూగుతుంది; అర టన్ను బండి ముందు స్ప్రింగులు, ఛాసిస్, బ్రేకులు ఆ బరువు కోసం చేసినవి కావు.

గేర్‌బాక్సును ఎప్పుడు ఎంచుకోవాలి, ఇంజిన్ తర్వాతా?

ఇంజిన్‌కు ముందే. బండి దేనికి వాడతారో, ఏ వేగంలో ఎక్కువసేపు నడుపుతారో దాన్ని బట్టి గేర్‌బాక్సు, దాన్ని బట్టి వెనుక ఇరుసు నిష్పత్తి (ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు పోయే కడ్డీ, ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క) తేలాలి. ఇంజిన్ ఆ రెండింటికీ తగినట్టు రావాలి.

జనరల్ మోటార్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో టీహెచ్350కి మూడు గేర్లు, మొదటి గేరు నిష్పత్తి 2.52 (అంటే ఇంజిన్ 2.52 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది), ఓవర్‌డ్రైవ్ లేదు. టీహెచ్400 కూడా మూడు గేర్లదే, మొదటిది 2.48, బరువులాగే బళ్లకు తగినంత గట్టిది. 1982లో వచ్చిన 700ఆర్4లో నాలుగు గేర్లుంటాయి, మొదటిది 3.06, చివరి ఓవర్‌డ్రైవ్ 0.70. దానికి 1990లో 4ఎల్60 అన్న పేరు వచ్చింది, 1993 నుంచి కంప్యూటర్‌తో నడిచే 4ఎల్60ఈ మొదలైంది. 4ఎల్80ఈ మాత్రం టీహెచ్400 నుంచి పుట్టిన నాలుగు గేర్ల గేర్‌బాక్సు. మొదటి గేరు 2.48, ఓవర్‌డ్రైవ్ 0.75. ట్రైలరు లాగేవారికి ఇది తగినది, కాని పొడవూ వెడల్పూ ఎక్కువ కాబట్టి కింది క్రాస్ మెంబరును (ఛాసిస్ అడ్డపట్టీని) వెనక్కి జరపాలి, కొన్ని క్యాబిన్లలో నేల రేకును కొంత ఎత్తాలి.

చేత్తో గేర్లు వేయడం ఇష్టపడేవారికి ఒక హెచ్చరిక. పాత ట్రక్కుల్లోని ఎస్ఎం465 నాలుగు గేర్ల గేర్‌బాక్సు విరగని వస్తువే గాని, దాని మొదటి గేరు 6.55. అది పొలంలో బరువు కదిలించడానికి పెట్టిన గేరు. మామూలు రోడ్డు మీద రెండో గేరులోనే బయలుదేరాలి. పైగా నాలుగో గేరు నేరు గేరే (1కి 1) కాబట్టి హైవే మోత తగ్గదు.

వెనుక ఇరుసు నిష్పత్తిని ఎలా లెక్కించాలి?

వేగాన్ని మైళ్లలో తీసుకుని, దాన్ని ఇరుసు నిష్పత్తితోనూ 336తోనూ గుణించి, టైరు వ్యాసం ఎన్ని అంగుళాలో దానితో భాగిస్తే నేరు గేరులో ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. టైరు 28 అంగుళాలు, ఇరుసు 3.73, వేగం 65 మైళ్లు అనుకుంటే సుమారు 2,900 చుట్లు. టీహెచ్350లో టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) జారుడు కలిపితే ఇంకొంత పెరుగుతుంది. అదే బండికి 0.70 ఓవర్‌డ్రైవ్ ఉంటే చుట్లు సుమారు 2,040కి దిగుతాయి. ఇంజిన్ మార్చకుండానే వచ్చే తేడా ఇది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇరుసు 3.08 అయితే ఓవర్‌డ్రైవ్‌లో అదే వేగానికి చుట్లు 1,700 లోపే ఉంటాయి. కొంచెం పెద్ద క్యామ్ ఉన్న ఇంజిన్ ఆ చుట్లలో బండిని లాగలేక వణుకుతుంది, గేర్‌బాక్సు మూడు నాలుగు గేర్ల మధ్య ఊగిసలాడుతుంది. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు పెట్టాక ఇరుసును 3.42 నుంచి 3.73 మధ్యకు తెచ్చుకోవడం చాలా బళ్లకు బాగుంటుంది. 1954 వరకు వచ్చిన షెవర్లే అర టన్ను ట్రక్కుల్లో అయితే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక గొట్టంలో మూసి ఉండి ఇరుసుకు కలిసే ఉంటుంది. గేర్‌బాక్సు మార్చాలంటే అక్కడ ఇరుసు కూడా తప్పక మారాలి. ఈ సంగతి తెలియక గేర్‌బాక్సు కొన్నవారి ఖర్చు రెట్టింపవుతుంది.

ఏదైనా విప్పే ముందు ఏమేమి కొలవాలి?

బండి సమతల నేల మీద, నాలుగు చక్రాల మీద, పెట్రోల్ ట్యాంకు సగం నింపి ఉన్నప్పుడే కొలవాలి. జాకీ మీద ఎత్తిన తర్వాత తీసిన కోణాలు పనికిరావు, ఎందుకంటే ఇరుసు కిందికి వేలాడి పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు ఇరుసులో తిప్పే పళ్ల చక్రం) కోణం మారిపోతుంది. క్రాంక్ పుల్లీ ముఖం మీదా, గేర్‌బాక్సు తోక వద్దా, ప్రొపెల్లర్ షాఫ్టు మీదా, పినియన్ యోక్ మీదా కోణాలు రాసుకోవాలి. ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య ఎడం, ఎయిర్ క్లీనర్‌కూ బానెట్‌కూ మధ్య ఎడం, ఇంజిన్ వెనుక భాగానికీ ఫైర్‌వాల్‌కూ (క్యాబిన్ ముందు రేకు గోడకూ) మధ్య ఎడం, సంపుకూ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టికీ) ముందు క్రాస్ మెంబరుకూ మధ్య ఎడం, గేర్‌బాక్సు మౌంటు నుంచి ఇంజిన్ మౌంటు దాకా దూరం తీసుకోవాలి. ప్రతి పైపు, ప్రతి వైరు, ప్రతి లింకు ఫొటో తీయాలి. ఒక్కో చోటి బోల్టులను ఒక్కో సంచిలో వేసి పేరు రాయాలి; ఎల్ఎస్ బోల్టులు మెట్రిక్‌వి, పాత స్మాల్ బ్లాకువి అంగుళాల కొలతవి, రెండూ ఒకే డబ్బాలో కలిస్తే దారాలు చెడటం ఖాయం.

ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి దించాలా, విడివిడిగానా?

ముందు గ్రిల్లు, రేడియేటర్ సపోర్టు తీసేయగలిగితే కలిపి దించడం తేలిక. కన్వర్టర్ బోల్టులను కింద పడుకుని విప్పాల్సిన పని తప్పుతుంది. ఇనుప వీ8, టీహెచ్350 కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. ఇంజిన్ క్రేను చేయి బయటికి సాగేకొద్దీ అది మోయగల బరువు తగ్గుతుంది కాబట్టి, రెండు టన్నుల క్రేను అని రాసి ఉందన్న ధీమాతో చేయిని చివరిదాకా సాగదీయకూడదు. బ్యాటరీ తీగ విప్పి, పెట్రోల్ లైను ఒత్తిడి తీసి, కూలెంటూ గేర్ ఆయిలూ దించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్టు లాగేశాక గేర్‌బాక్సు తోకకు మూత పెట్టకపోతే, వాలినప్పుడు మిగిలిన ఆయిలంతా నేల మీదే ఉంటుంది. గాలిలో వేలాడే ఇంజిన్ కింద చేయి గాని కాలు గాని పెట్టకూడదు.

పాత భాగాలను కొత్త ఇంజిన్‌కు వాడేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం?

క్రాంక్ వెనుక బిగిసే ఫ్లైవీల్, లేదా ఆటోమేటిక్‌కైతే దాని స్థానంలో ఉండే పల్చని ఫ్లెక్స్‌ప్లేటు దగ్గర. చూడటానికి ఒకేలా ఉండి లోపల వేరైన భాగాలు ఎక్కువగా ఉండేది ఇక్కడే. షెవర్లే స్మాల్ బ్లాకులో 1986 నుంచి క్రాంక్ వెనుక సీలు ఒకే ముక్కగా మారింది. దానితో పాటు క్రాంక్ ఫ్లాంజి మీద బోల్టులుండే వలయం వ్యాసం మారి, సమతుల్యం కోసం బరువు ఫ్లెక్స్‌ప్లేటు మీదికి వచ్చింది. అందువల్ల పాతది కొత్తదానికి, కొత్తది పాతదానికి పట్టదు. 400 ఘనపు అంగుళాల ఇంజిన్‌కు ముందు డ్యాంపరు మీదా వెనుకా రెండు చోట్లా ఈ బరువు ఉంటుంది. ఫోర్డ్ 302లో 1980ల మొదట్లో ఈ బరువు 28 ఔన్సు-అంగుళాల నుంచి 50కి మారింది. ఇలా బరువు మాత్రమే వేరైన చోట్ల బోల్టులు చక్కగా పడతాయి గనుక తప్పు భాగం బిగిసిపోతుంది, ఆ తర్వాత బండి వణకడం మొదలై చివరికి క్రాంక్ బేరింగులు పోతాయి. షెవర్లే ఫ్లెక్స్‌ప్లేటు 153 పళ్లతో గాని 168 పళ్లతో గాని వస్తుంది. స్టార్టరు దానికి తగినదే కావాలి.

ఎల్ఎస్ ఇంజిన్ వెనుక పాత టీహెచ్350, టీహెచ్400, 700ఆర్4 పెట్టేటప్పుడు మరో చిక్కు ఉంది. బెల్ హౌసింగ్ బోల్టుల్లో ఒకటి తప్ప మిగతావి కలుస్తాయి గాని, ఎల్ఎస్ క్రాంక్ ఫ్లాంజి పాత స్మాల్ బ్లాకు కన్నా సుమారు 0.4 అంగుళాలు, అంటే 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. ఆ ఎడాన్ని స్పేసరుతో, దానికి తగిన పొడవైన బోల్టులతో పూడ్చాలి. లేకపోతే కన్వర్టర్ ముక్కు క్రాంక్‌లో ఆనదు, ఫ్లెక్స్‌ప్లేటు వంగుతూ చివరికి పగులుతుంది. 1999, 2000 సంవత్సరాల 6.0 లీటర్ల ఇనుప హెడ్ల ఇంజిన్లలో కొన్నిటికి పొడవైన క్రాంకే వచ్చింది. వాటికి స్పేసరు అక్కర్లేదు. కాబట్టి ఎవరో చెప్పిన మాట మీద కాకుండా చేతిలో ఉన్న క్రాంక్‌ను కొలిచి నిర్ణయించాలి.

కన్వర్టర్ సరిగా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ పని మొత్తంలో ఇంతకు మించి ఓపిక కోరే ఘట్టం లేదు. కన్వర్టర్‌ను గేర్‌బాక్సులోకి నెడుతూ, తిప్పుతూ, ఇన్‌పుట్ షాఫ్టు పళ్లూ, స్టేటర్ పళ్లూ, పంపు పట్లూ ఒక్కొక్కటిగా కలిసే దాకా ఆగాలి. ప్రతి కలయికకూ కన్వర్టర్ కొంత లోపలికి దిగినట్టు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత గేర్‌బాక్సును ఇంజిన్‌కు జతచేసి, బెల్ హౌసింగ్ చుట్టూ ఎడం లేకుండా చేతి బలంతోనే కలుస్తోందా అని చూడాలి. కలవకపోతే బోల్టులు బిగించి లాక్కురాకూడదు. అలా లాగినప్పుడు పంపు పళ్లు విరిగి, కొత్త గేర్‌బాక్సు ఒక్క గజం కూడా కదలకుండానే చెడిపోతుంది.

బెల్ హౌసింగ్ బిగించిన తర్వాత, కన్వర్టర్ ఇంకా ఫ్లెక్స్‌ప్లేటుకు తాకకుండా చేత్తో తిరగాలి. రెండింటి మధ్య ఎడం 1/8 నుంచి 3/16 అంగుళం, అంటే దాదాపు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే పంపు మీద ఒత్తిడి పడుతుంది. ఎక్కువైతే కన్వర్టర్ ముందుకొచ్చి పంపు పట్టు సగమే మిగులుతుంది. ఎక్కువ ఎడానికి వాషర్లు పెట్టవచ్చు, మూడు చోట్లా ఒకే మందంతో. బ్లాకు వెనుక ఉండే రెండు డోవెల్ పిన్నులు తప్పక ఉండాలి. గేర్‌బాక్సును క్రాంక్ మధ్యరేఖతో కలిపేవి అవే, బోల్టులు కావు. ఎల్ఎస్ ఫ్లెక్స్‌ప్లేటు బోల్టులను 15, 37, 74 ఫుట్‌పౌండ్ల చొప్పున మూడు విడతల్లో, బెల్ హౌసింగ్ బోల్టులను 37 ఫుట్‌పౌండ్లకు బిగిస్తారు.

700ఆర్4కు ఉండే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ అంత ముఖ్యమా?

ఆ గేర్‌బాక్సు బతకడానికి అది తొలి షరతు. ఆ కేబుల్ గేరు మారే సమయాన్ని మాత్రమే కాక, లోపలి క్లచ్ ప్లేట్ల మీద ఆయిల్ ఒత్తిడిని కూడా నిర్ణయిస్తుంది. కార్బ్యురేటర్ లివరు ఆకారం మారి కేబుల్ కదలిక సరిపోకపోతే, ఇంజిన్ బలంగా లాగుతున్నా ఒత్తిడి పెరగక ప్లేట్లు జారి కాలిపోతాయి. కార్బ్యురేటర్‌కు తగిన బ్రాకెట్ వేసి, పూర్తి థ్రాటిల్ వద్ద కేబుల్ పూర్తిగా లాగబడుతోందని చూసిన తర్వాతే బండి కదపాలి. లాకప్ (కన్వర్టర్ జారకుండా పట్టే క్లచ్) వైరు కూడా కలపాలి. అది లేకుండా హైవే మీద నడిపితే కన్వర్టర్ జారుడుతో ఆయిల్ వేడెక్కుతుంది.

ఇంజిన్ ఏ స్థానంలో, ఏ కోణంలో ఉండాలి?

వెనుకకు సుమారు 3 డిగ్రీలు వాలి ఉండటం మామూలు. కార్బ్యురేటర్ మ్యానిఫోల్డు పై ముఖాన్ని ఆ వాలుకు తగినట్టే కోసి ఉంటారు కాబట్టి కార్బ్యురేటర్ సమంగా నిలుస్తుంది. స్టీరింగ్ బాక్సుకు చోటు కోసం ఇంజిన్‌ను ఒక పక్కకు కొద్దిగా జరపవచ్చు, కాని అది ఛాసిస్ మధ్యరేఖకు సమాంతరంగానే ఉండాలి. ఎల్ఎస్ ఇంజిన్‌ను పాత మౌంట్లకు కలపడానికి అడాప్టరు ప్లేట్లు దొరుకుతాయి. వీటిలో ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ జరపగలిగేవి కొనడం మేలు. ట్రక్కు ఇంజిన్‌తో వచ్చే లోతైన సంపు క్రాస్ మెంబరు కన్నా కిందికి దిగుతుంది. షెవర్లే కమారో కారు సంపు గాని, మార్పిడి కోసమే పోతపోసిన సంపు గాని, దాని పికప్ గొట్టంతో (ఆయిల్ పీల్చే గొట్టంతో) సహా వేయాలి. ట్రక్కు ఇంజిన్‌కు కింద కుడి వైపు వచ్చే ఏసీ కంప్రెసరు సీ10 ఛాసిస్ పట్టీకి తగులుతుంది. పట్టీని కోయడం కన్నా కంప్రెసరును పైకి మార్చే బ్రాకెట్ వేయడమే సరైన పని.

బానెట్ మూసి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు పెట్టి చూసే దాకా మౌంట్లకు పూర్తి వెల్డింగ్ చేయవద్దు. చుక్క వెల్డింగ్ చాలు.

ప్రొపెల్లర్ షాఫ్టు పాతదే వాడవచ్చా?

పొడవు కలిస్తే వాడవచ్చు, కాని గేర్‌బాక్సు మారితే సాధారణంగా కలవదు. బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు, స్లిప్ యోక్ (గేర్‌బాక్సులోకి జారే షాఫ్టు ముందు ముక్క) పూర్తిగా లోపలికి తగిలే చోటు నుంచి 3/4 నుంచి 1 అంగుళం బయటికి ఉండేలా షాఫ్టును కోయించి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. ఈ బ్యాలెన్సును ఇంట్లో చేయలేరు.

కోణాల విషయంలో నియమం ఒక్కటే: గేర్‌బాక్సు తోక ఎంత కిందికి వాలితే పినియన్ అంత పైకి లేవాలి, రెండు క్రాస్ జాయింట్ల పని కోణాలు ఒకదానికొకటి 1 డిగ్రీ తేడాలో ఉండాలి. ప్రతి జాయింటుకూ అర డిగ్రీ అయినా కోణం ఉండాలి, లేకపోతే సూది బేరింగులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి. 3 డిగ్రీలు దాటితే వణుకు మొదలవుతుంది. బండి ఎత్తు తగ్గించినవారు ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. హైవే మీద ఒక నిర్దిష్ట వేగంలోనే వచ్చే వణుకుకు టైర్లను తప్పుపట్టి నెలలు వృథా చేసేవారున్నారు; కోణాలు కొలవడానికి అరగంట చాలు.

పెట్రోల్ వ్యవస్థలో ఏమి మారాలి?

కార్బ్యురేటర్‌కు 5 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు. ఎల్ఎస్ ఇంజెక్టర్లకు సుమారు 58 పీఎస్ఐ కావాలి. కాబట్టి పంపు, పైపులు, క్లిప్పులు అన్నీ మారాలి. కార్బ్యురేటర్ కాలం నాటి రబ్బరు పైపు ఆ ఒత్తిడికి పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. 1999 నుంచి 2003 వరకు కార్వెట్‌లో వచ్చిన ఫిల్టరులోనే 58 పీఎస్ఐ రెగ్యులేటరు ఉంటుంది, రిటర్న్ లైను ట్యాంకు దగ్గరే ముగుస్తుంది. చాలామంది దాన్నే వాడతారు. పంపు ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉంటే చల్లగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

1949 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లే ట్రక్కుల్లో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుక ఉంటుంది. ఎలాగూ ట్యాంకుకు కొత్త పంపు పెడుతున్నారు కనుక, ఆ ట్యాంకును తీసేసి బెడ్ కింద, ఛాసిస్ పట్టీల మధ్య కొత్తది పెట్టమని గట్టిగా కోరుతాను. మనిషి వీపు వెనుక అంత పెట్రోల్ ఉండనక్కర్లేదు.

వైరింగ్, కంప్యూటర్ సంగతి ఏమిటి?

పాత బండి నుంచి ఇంజిన్ కొనేటప్పుడు హార్నెస్, కంప్యూటర్, యాక్సిలరేటర్ పెడల్ కూడా అదే బండి నుంచి తీసుకోవాలి. కేబుల్ థ్రాటిలా, ఎలక్ట్రానిక్ థ్రాటిలా అన్నది ముందే చూడాలి. ఎలక్ట్రానిక్ అయితే పెడల్, మాడ్యూల్, కంప్యూటర్ ఒకదానికొకటి సరిపడినవే కావాలి. తొలి తరం ఎల్ఎస్ క్రాంక్ చక్రానికి 24 గుర్తులు, తర్వాతి తరానికి 58. సెన్సరు రంగు మొదటిదానికి నలుపు, రెండోదానికి బూడిద. ఒకదాని కంప్యూటర్ రెండోదాన్ని నడపలేదు. కంప్యూటర్‌లోని దొంగతన నిరోధక తాళాన్ని ప్రోగ్రామ్‌లో తీసేయించకపోతే ఇంజిన్ స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కు, బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు మందమైన ఎర్త్ తీగలు రంగు గీకిన లోహం మీద బిగించాలి. అంతుపట్టని సెన్సరు లోపాల్లో చాలావరకు ఈ తీగల దగ్గరే తీరతాయి.

రేడియేటర్ పాతది సరిపోతుందా?

ఆరు సిలిండర్ల బండిది సరిపోదు. ఎల్ఎస్ హెడ్ల నుంచి వచ్చే సన్నని ఆవిరి గొట్టాన్ని రేడియేటర్ పైభాగానికో విస్తరణ ట్యాంకుకో కలపాలి, మూసేయకూడదు. మూస్తే హెడ్డులో ఆవిరి బుడగ నిలిచి, మీటరు మామూలుగా చూపుతుండగానే లోపల వేడి పెరుగుతుంది. ఆటోమేటిక్‌కు విడిగా ఆయిల్ కూలరు తప్పనిసరి.

బ్రేకులు కూడా మార్చాలా?

1967కు ముందరి బళ్లకు మాస్టర్ సిలిండరు ఒకే గదితో ఉంటుంది. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. సీ10కి ముందు డిస్కు బ్రేకులు 1971లో వచ్చాయి. బలమైన ఇంజిన్ బిగించే ముందే రెండు గదుల మాస్టర్ సిలిండరు, ముందు డిస్కులు వేయించండి. డబ్బు చాలకపోతే ఇంజిన్ ఆగవచ్చు, బ్రేకులు ఆగకూడదు.

చట్టపరంగా అడ్డంకులు ఉంటాయా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ బళ్లకు పొగ తనిఖీ లేదు. 1976 నుంచి వచ్చిన బండిలో పెట్టే ఇంజిన్ ఆ బండి సంవత్సరానిదో, తర్వాతిదో అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో వచ్చిన కాటలిటిక్ కన్వర్టర్, సెన్సర్లు, ఆవిరి నియంత్రణ పరికరాలు అన్నీ ఉండాలి. అధికారిక రిఫరీ చూసి ఆమోదించాలి. ఇంజిన్ కొనకముందే ఈ నియమాలు చదవాలి, ఎందుకంటే ఆ భాగాలన్నీ తర్వాత వెతకడం ఇంజిన్ కన్నా ఎక్కువ ఖర్చు కావచ్చు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు?

ముందు ఆయిల్ ఒత్తిడి రావాలి. పాత స్మాల్ బ్లాకులో డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రం గుండా డ్రిల్లుతో పంపును తిప్పవచ్చు. ఎల్ఎస్‌లో పంపు క్రాంక్‌తోనే తిరుగుతుంది కాబట్టి ప్లగ్గులు విప్పి, ఇంజెక్టర్లకు కరెంటు ఆపి, మీటరులో ఒత్తిడి కనిపించే దాకా స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పాలి. ఎంతకీ రాకపోతే సంపు మార్చినప్పుడు పికప్ గొట్టం ఓ-రింగు నలిగిందేమో చూడాలి. ఆ చిన్న రబ్బరు ముక్క వల్ల పోయిన ఇంజిన్లు చాలా ఉన్నాయి.

కొత్త ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్ లేని చదును ట్యాపెట్ల) క్యామ్ వేసిన ఇంజిన్‌ను ఐడిల్‌లో వదలకుండా వెంటనే 2,000 నుంచి 2,500 చుట్లకు తెచ్చి, జింక్ ఎక్కువున్న ఆయిల్‌తో 20 నిమిషాలు నడపాలి. రోలర్ క్యామ్‌కు ఇది అక్కర్లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా, పార్క్‌లో పెట్టి మళ్లీ చూడాలి. కన్వర్టర్ నిండేకొద్దీ మట్టం తగ్గుతుంది. తొలి ప్రయాణం తర్వాత మౌంటు, క్రాస్ జాయింటు, ఎగ్జాస్ట్ బోల్టులన్నీ మళ్లీ బిగించాలి.

తీసిన పాత ఇంజిన్‌ను ఏం చేయాలి?

అమ్మవద్దు. 1950ల వరకు కొన్ని రాష్ట్రాలు బండి యాజమాన్య పత్రంలో ఇంజిన్ నంబరునే గుర్తింపు నంబరుగా రాసేవి. అలాంటి బండికి ఆ బ్లాకు లేకపోతే పత్రాలు మార్చుకోవడం చిక్కవుతుంది, కాబట్టి ఇంజిన్ తీసే ముందే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సరిచేయించుకోవాలి. దాచేటప్పుడు నీళ్లు పూర్తిగా దించి, ప్లగ్గు రంధ్రాల గుండా ప్రతి సిలిండరులో కాస్త ఆయిల్ పోసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, అన్ని రంధ్రాలకూ మూతలు పెట్టాలి. బ్లాకు నంబరు, పోత తేదీ గుర్తు, తీసిన బండి నంబరు ఒక రేకు మీద కొట్టి ఇంజిన్‌కే కట్టి, దాని మౌంట్లు, బ్రాకెట్లు, మ్యానిఫోల్డులు, అసలు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ ఒకే చోట పెట్టాలి.